ముసురు చలి వేరు, మంచు చలి వేరు

నవంబరు చివర్లోనో డిసెంబరు మొదట్లోనో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న కబురు వస్తే, దాని వెనకే ‘వానలతో పాటు చలి కూడా పెరుగుతుంది’ అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే అందులో రెండు వేర్వేరు చలులు కలిసిపోయి ఉన్నాయి. ముసురు పట్టిన రోజుల్లో పగటిపూట కమ్ముకునే చలి ఒకటి. వాన వెలిసి ఆకాశం తేటపడ్డాక తెల్లవారుజామున కొరికే చలి మరొకటి. మొదటిది గరిష్ఠ ఉష్ణోగ్రత పడిపోవడం వల్ల కలిగేది, రెండోది కనిష్ఠ ఉష్ణోగ్రత పడిపోవడం వల్ల కలిగేది. ఈ రెండూ ఒకే రోజున ఒకే ఊళ్లో కలిసి రావడం మన ప్రాంతంలో అరుదు. ఒకటి ఉన్నంతసేపు రెండోదాన్ని రానివ్వదు. వారం రోజుల వాతావరణ సూచనను చదివేవారు ముందు ఈ తేడాను పట్టుకుంటే తప్ప, దుప్పటి ఏ రోజుకు తీయాలో, బరకం ఏ రోజుకు పరచాలో తేలదు.

ముందుగా పగటి చలి సంగతి. డిసెంబరు తొలివారానికి సూర్యుడు దక్షిణాయనం చివరి అంచుకు దగ్గరగా వస్తాడు. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. పగటి నిడివి 11 గంటల పైచిలుకే. కార్తీకంలో కడవ కడిగేంత పొద్దుండదన్న సామెత ఊరికే పుట్టలేదు. అసలే పలచబడిన ఆ ఎండకు దట్టమైన మబ్బు అడ్డుపడితే నేలకు చేరే వేడి అంతంతమాత్రం. చేరిన కాస్త వేడి కూడా నేలను వెచ్చబరచడానికి మిగలదు. తడిసిన మట్టిలోని, ఆకుల మీది, డాబాల మీది నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కెలోరీ చాలు గానీ, అదే గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కెలోరీలు కావాలి. పైనుంచి రాలే చినుకులు సైతం దారిలో కొంత ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. అందుకే మామూలుగా 28, 29 డిగ్రీలకు చేరవలసిన హైదరాబాద్ పగటి ఉష్ణోగ్రత ముసురు రోజున 22 నుంచి 24 దగ్గరే ఆగిపోవచ్చు.

రాత్రికి కథ తిరగబడుతుంది. పగలు ఎండను అడ్డుకున్న మబ్బే రాత్రి నేల నుంచి పైకి పోయే వేడిని అడ్డుకుని, అందులో చాలా భాగాన్ని తిరిగి కిందికి పంపుతుంది. గాలిలో నిండుగా ఉన్న తేమ కూడా అదే పని చేస్తుంది. దాంతో డిసెంబరులో 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగవలసిన కనిష్ఠం 19, 20 దగ్గరే నిలిచిపోతుంది. పగటికీ రాత్రికీ మధ్య మామూలుగా ఉండే 13, 14 డిగ్రీల అంతరం మూడు నాలుగు డిగ్రీలకు కుదించుకుపోతుంది. పొద్దున లేచినప్పుడు ఎలా ఉందో మధ్యాహ్నం మూడింటికీ అలాగే ఉందని ముసురు రోజుల్లో జనం అనుకోవడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది.

అంకెల్లో చూస్తే 22 డిగ్రీలు చలే కాదు. ఏసీ గదుల్లో చాలామంది పెట్టుకునే ఉష్ణోగ్రత అంతకంటే పెద్ద ఎక్కువేమీ కాదు. అయినా మనుషులు వణుకుతారు. తడి బట్ట, తడి జుట్టు ఒంటి వేడిని నీటి ఆవిరి రూపంలో లాగేస్తాయి. దానికి గాలి తోడైతే ఆ లాగడం ఇంకా వేగం అందుకుంటుంది. ఇళ్ల గోడలు, పైకప్పులు పగలంతా ఎండను తాగి సాయంత్రం వెచ్చదనాన్ని వదలడం మనకు అలవాటైన వ్యవస్థ. రెండు రోజులు ఎండ లేకపోతే ఆ గోడలే చల్లబడి గదిలోని మనిషి నుంచి వేడిని గుంజుతాయి. మన ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టుకున్నవే తప్ప చలిని ఆపడానికి కట్టుకున్నవి కావు.

ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఈ పగటి చలికి అధికారిక పరిభాషలో పేరు దొరకదు. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో ‘శీతల దినం’ అని ప్రకటించాలంటే గరిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గాలి, అంతేకాక కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. ఉత్తర భారతంలో జనవరి పొగమంచును దృష్టిలో పెట్టుకుంటే ఈ నిబంధన చక్కగా పనిచేస్తుంది. మన దగ్గర ముసురు రోజున మొదటి షరతు నెరవేరినా, మబ్బు కాపలా వల్ల రెండోది నెరవేరదు. కనుక ఖమ్మంలోనో గుంటూరులోనో గరిష్ఠం ఆరేడు డిగ్రీలు పడిపోయినా బులెటిన్‌లో ‘శీతల దినం’ అన్న మాట రాదు. వర్షసూచన కింద ‘పగటి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే తక్కువగా నమోదయ్యే అవకాశం’ అని ఒక చిన్న వాక్యం వస్తే వస్తుంది. అసలు విశేషం ఆ వాక్యంలోనే ఉంటుంది. చదివేవారు దాన్ని దాటేసి పోతుంటారు.

ఇదంతా ఒక నిజమైన వారం మీద పెట్టి చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. 2023 నవంబరు చివరి వారంలో దక్షిణ అండమాన్ సముద్రం మీద ఏర్పడిన అల్పపీడనం డిసెంబరు 1న వాయుగుండంగా, 3న తుపానుగా, 4న తీవ్ర తుపానుగా బలపడింది. ఆ తుపానుకు మయన్మార్ పెట్టిన పేరును ఇంగ్లిషు అక్షరాల్లో చూసి కొందరు మిచౌంగ్ అని రాశారు, పలికేది మాత్రం మిగ్‌జాం. అది తమిళనాడు ఉత్తర తీరానికి చేరువగా వచ్చి, తిన్నగా ఒడ్డెక్కకుండా, తీరాన్ని ఆనుకునే మెల్లగా ఉత్తరానికి నడిచింది. ఆ మెల్లని నడకే చెన్నైని 3, 4 తేదీల్లో ముంచింది. అక్కడి నుంచి నెల్లూరు, ప్రకాశం తీరాల వెంట పైకి జరిగి, 5వ తేదీ మధ్యాహ్నం పన్నెండున్నర, రెండున్నర మధ్య బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసురుగా వీచినప్పుడు 110 వరకు. ఆ తర్వాత భూమి మీద బలహీనపడుతూ ఉత్తరంగా కదిలి తెలంగాణ తూర్పు జిల్లాల మీద తన మిగిలిన తేమను కుమ్మరించింది.

ఒకే తుపాను, ఒకే వారం. అయినా తెలుగు నేల మీద కనీసం నాలుగు రకాల వాతావరణం నడిచింది. నెల్లూరు, తిరుపతి జిల్లాలకు అది 3, 4 తేదీల జడివాన. బాపట్లలో జనం తలుపులు బిగించుకున్న సమయానికి నెల్లూరు వైపు వాన ఉధృతి తగ్గుముఖం పట్టింది. బాపట్ల, గుంటూరు, కృష్ణా జిల్లాలకు 4వ తేదీ రాత్రి నుంచి 5వ తేదీ సాయంత్రం దాకా సాగిన గాలివాన. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాలకు గాలి పెద్దగా లేని భారీ వర్షం, అదీ 5, 6 తేదీల్లో, అంటే తీరంలో తుపాను ‘అయిపోయిన’ తర్వాత. హైదరాబాద్‌కు అది ప్రధానంగా మబ్బు, చినుకులు, ఈదురుగాలి కలిసిన చలి పగలు. ‘బాపట్ల దగ్గర తీరం దాటింది’ అన్న వార్తతో ఛానళ్లు తెర దించేసిన సమయానికి తెలంగాణ తూర్పు జిల్లాల్లో అసలు వాన అప్పుడే మొదలవుతోంది. తీరం దాటడం తుపాను జీవితంలో ఒక ఘట్టం మాత్రమే, వర్షానికి అది ముగింపు కాదు.

హైదరాబాద్‌కు వాన కంటే చలే ఎక్కువగా దక్కడానికి కారణం తుపాను కేంద్రానికి ఆ నగరం ఏ పక్కన ఉందన్నదే. ఉత్తరార్ధ గోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో తిరుగుతాయి. కేంద్రానికి తూర్పున, ఉత్తరాన ఉన్న ప్రాంతాలకు సముద్రం మీది తేమగాలి అందుతుంది. పశ్చిమాన, వాయవ్యాన ఉన్న ప్రాంతాలకు మాత్రం ఆ తిరుగుడే ఉత్తరం నుంచి, మధ్య భారతపు మైదానాల మీదుగా గాలిని లాగి తెస్తుంది; అప్పటికే చలికాలం అడుగుపెట్టిన ఆ మైదానాల గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ తుపాను సమయంలో ఇదే జరిగింది. వాన కోస్తాకు పోయింది, తెలంగాణకు మబ్బూ ఉత్తరపు చలిగాలీ మిగిలాయి. పగటి ఉష్ణోగ్రతలు సాధారణం కంటే బాగా కిందికి దిగాయి. కాబట్టి తుపాను బాట తీరం వెంటే ఈశాన్యంగా పోతుందని సూచన చెబితే, తెలంగాణ పాఠకుడు గొడుగు కంటే ముందు స్వెట్టరు వెతుక్కోవడం మేలు.

సూచనల్లో చదువరులను ఎక్కువగా తప్పుదోవ పట్టించేది వర్గీకరణ. అల్పపీడనం, తీవ్ర అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అన్న మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టి వేసినవి. గంటకు 31 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 62 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను. ఈ కొలమానంలో వర్షం ఎక్కడా లేదు. వాన పడేది గాలి వేగాన్ని బట్టి కాదు. తేమ ఎంత ఉంది, వ్యవస్థ ఒకచోట ఎంతసేపు నిలిచింది, దారిలో కొండలు ఉన్నాయా అన్నదాన్ని బట్టి.

దీనికి ఆంధ్రప్రదేశ్ చూసిన అతి కఠినమైన ఉదాహరణ 2021 నవంబరు. ఆ నెల 19న తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటినది తుపాను కాదు, వట్టి వాయుగుండం. దానికి పేరు కూడా లేదు. తుపాను స్థాయికి చేరిన వాటికే పేర్లు పెడతారు కనుక. అయినా శేషాచలం కొండలు తూర్పు నుంచి వచ్చిన తేమగాలిని అడ్డుకుని పైకి నెట్టడంతో తిరుపతి, తిరుమల, కడప ప్రాంతాల్లో వాన ఆగకుండా కురిసింది. చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కింద ఉన్న ఊళ్లు కొట్టుకుపోయాయి. దీనికి పూర్తి విరుద్ధంగా, 2013 నవంబరులో అతి తీవ్ర తుపానుగా భయపెట్టిన లెహర్ 28వ తేదీన మచిలీపట్నం దగ్గర తీరం దాటేటప్పటికి వాయుగుండంగా కుంగిపోయింది. 2021 డిసెంబరులో జవాద్ కూడా ఉత్తరాంధ్రను హడలెత్తించి, ఒడిశా తీరానికి చేరేలోపే బలం కోల్పోయింది.

ఆ కుంగుబాటు వెనుక కూడా చలికాలమే ఉంది. తుపానుకు ఆహారం వెచ్చని సముద్రపు నీరు. ఉపరితలం సుమారు 26.5 డిగ్రీలు ఉంటే తప్ప అది బలం పుంజుకోలేదు. నవంబరు గడిచేకొద్దీ బంగాళాఖాతం ఉత్తర, మధ్య భాగాలు చల్లబడుతూ ఆ గీతకు దగ్గరగా దిగుతాయి. దానికి తోడు ఉత్తరం నుంచి దిగే పొడిగాలి తుపాను లోపలికి చొరబడి మబ్బులను ఎండగడుతుంది. కనుక డిసెంబరులో తమిళనాడు దాటి ఉత్తరంగా వచ్చే వ్యవస్థ వచ్చేకొద్దీ నీరసించే అవకాశం ఎక్కువ. మిగ్‌జాం తీవ్ర తుపానుగానే ఒడ్డుకు చేరడం ఈ లెక్కకు ఎదురు నిలిచిన సందర్భం. లెక్క ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదని అది చెప్పకనే చెప్పింది.

బులెటిన్‌లోని భాషకు కూడా ఒక వ్యాకరణం ఉంది. ‘ఒకటి రెండు చోట్ల’, ‘కొన్ని చోట్ల’, ‘అనేక చోట్ల’, ‘చాలా చోట్ల’ అన్నవి రాసేవారి ఇష్టం కొద్దీ పడిన మాటలు కావు. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు వరకు వాన పడితే మొదటి మాట, సగం దాకా అయితే రెండోది, మూడు వంతుల దాకా అయితే మూడోది, అంతకు మించితే చివరిది. ‘ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు’ అంటే జిల్లా మొత్తం మునుగుతుందని కాదు. మునిగే ఆ ఒకటి రెండు చోట్లు ఏవో ముందుగా చెప్పలేమని. వాన పరిమాణానికీ ఇలాగే గీతలున్నాయి: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. రంగుల విషయంలో అపోహ ఇంకా ఎక్కువ. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధం కమ్మని, ఎరుపు అంటే చర్య తీసుకోమని అర్థం. అవి మొదట అధికార యంత్రాంగానికి ఇచ్చే ఆదేశాల్లాంటివి, వాన ఎంత కురుస్తుందో చెప్పే కొలతలు కావు. వరద నీరు త్వరగా నిలిచే నగరానికి, అదే వాన ఇంకిపోయే మెట్ట ప్రాంతానికి వేరువేరు రంగులు రావడంలో వింతేమీ లేదు.

చాలామందిని తికమక పెట్టే మరో చిన్న విషయం తేదీ. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు అర్ధరాత్రి మొదలు కాదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. అలా కొలిచిన వానను ఆ మర్నాటి తేదీతోనే నమోదు చేస్తారు. కాబట్టి ‘5వ తేదీ నమోదైన వర్షపాతం’ అని పట్టికలో కనిపించే అంకెలో ఎక్కువ భాగం 4వ తేదీ పగలూ రాత్రీ కురిసినదే. ఈ మాట తెలియక పత్రికల్లో తుపాను కథనం ఒక రోజు వెనకా ముందూ అయిపోవడం తరచూ కనిపిస్తుంది.

సూచనను ఎన్ని రోజుల ముందు నుంచి నమ్మవచ్చన్నది మరో ప్రశ్న. మిగ్‌జాం విషయంలో రెండు మూడు రోజుల ముందే నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందని చెప్పారు, అలాగే జరిగింది. అయితే ఆ రెండు పట్టణాల నడుమ దూరం నేరుగా కొలిచినా సుమారు 230 కిలోమీటర్లు. ఆ గీత మీద ఏ బిందువు దగ్గర అన్నది చివరి రోజుకు గాని తేలలేదు. మరుసటి ఏడాది ఫెంగల్ ఇంకా ఎక్కువ సతాయించింది. 2024 నవంబరు 26 నాటికే తీవ్ర వాయుగుండమైన అది వెంటనే తుపాను అవుతుందనుకుంటే కాలేదు. ఇక కాదేమో అనుకున్నాక 29న అయింది, 30న పుదుచ్చేరి దగ్గర తీరం చేరి అక్కడే గంటల తరబడి తిష్ఠ వేసింది. ఒడ్డుకు చేరువగా, నెమ్మదిగా కదిలే వ్యవస్థలతో వచ్చే చిక్కు ఇదే. కేంద్రం 50 కిలోమీటర్లు అటో ఇటో జరిగితే వాన కురిసే పట్టీ ఒక జిల్లా నుంచి పక్క జిల్లాకు మారిపోతుంది. మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై, హైదరాబాద్‌ల్లోని డాప్లర్ రాడార్లు ఆ పట్టీని గంట గంటకూ చూపగలవు గానీ, అది తమ పరిధిలోకి వచ్చాకనే. అందువల్ల వారం ముందటి సూచనను దిశ తెలుసుకోవడానికి, మూడు రోజుల ముందటిదాన్ని ఏర్పాట్లు చేసుకోవడానికి, ఆ రోజు గంటల సూచనను కదలడానికో ఆగడానికో వాడుకోవడం సబబు.

పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వెచ్చబడే ఎల్ నినో ఉంటే ఈశాన్య రుతుపవనాలు బాగా కురుస్తాయని, అది చల్లబడే లా నినా ఉంటే తగ్గుతాయని ఒక సూత్రం ప్రచారంలో ఉంది. ఋతువు మొత్తాన్ని సగటున చూస్తే అందులో నిజముంది. 2023 ఎల్ నినో సంవత్సరమే. కానీ కడపను ముంచిన 2021 నవంబరు లా నినా ఉన్న ఏడాదిలోనే వచ్చింది. ఋతువు మొగ్గును బట్టి ఒక వారం వానను చెప్పడం కుదరదు.

రైతుకు ఈ వారం లెక్క మిగతావారి కంటే తీవ్రమైనది. అనూరాధ, జ్యేష్ఠ కార్తెలు, అంటే నవంబరు మూడో వారం చివరి నుంచి డిసెంబరు సగం దాకా, కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతల కాలం. పొలంలో నిలబడ్డ పైరు, కోసి పరిచిన పనలు, వేసిన కుప్పలు, కళ్లాల్లోనూ రోడ్ల మీదా ఆరబోసిన ధాన్యం అన్నీ ఒకేసారి ఉంటాయి. మిగ్‌జాం సరిగ్గా ఈ సమయానికే వచ్చింది. తడిసిన గింజ మొలకెత్తడానికి నీరొక్కటే చాలదు, వెచ్చదనం కూడా కావాలి. ముసురు రాత్రుల 20 డిగ్రీలు, నిండు తేమ ఆ రెండింటినీ సమకూరుస్తాయి. వాన పడిన మర్నాడే ఎండా పొడిగాలీ వస్తే పనలు ఆరి బయటపడతాయి. మూడు రోజులు మబ్బు వీడకపోతే వాన ఆగినా మొలక ఆగదు. అందుకే ధాన్యం విషయంలో ‘ఎంత వాన’ అన్న ప్రశ్న కంటే ‘ఎన్ని రోజులు మబ్బు’ అన్న ప్రశ్న ముఖ్యమైనది, సూచనలు మాత్రం మొదటిదానికే ఎక్కువ జవాబిస్తాయి. పడిపోయిన పైరు మీద, తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున కలిపిన ఉప్పు ద్రావణం చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది ఈ మొలకను ఆపడానికే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం నిలిచిపోతుంది కనుక, మబ్బు పట్టిన ప్రతి అదనపు రోజూ రైతు జేబు మీద పడుతుంది. వరి కోతకు ముందే చేలో చల్లిన మినుముకు బాధ మరో రకం. దానికి మొలకెత్తే తేమ కావాలి గానీ, నీరు నిలిస్తే విత్తనం కుళ్లిపోతుంది.

ఇక రెండో చలి. వ్యవస్థ బలహీనపడి వెళ్లిపోయిన తర్వాత, మబ్బు విడిపోయి ఈశాన్యపు, ఉత్తరపు పొడిగాలి నిలదొక్కుకునేసరికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. అప్పుడు మూత తీసిన పాత్రలా నేల రాత్రంతా వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. పగలు ఎండ కాసి 28 డిగ్రీలు దాటినా తెల్లవారుజామున 13, 14కు దిగిపోతుంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో అంతకంటే చాలా కిందికి. నేల ఇంకా తడిగా, ఆకాశం తేటగా, గాలి నిశ్చలంగా ఉన్న ఆ మొదటి రెండు మూడు ఉదయాలే పొగమంచుకు అనువైనవి. విజయవాడ, హైదరాబాద్ రహదారి మీద కృష్ణా తీరపు ఊళ్ల దగ్గర లారీలు దీపాలు వేసుకుని పాకుతూ పోయేది ముసురు రోజుల్లో కన్నా ఆ తర్వాతి ఉదయాల్లోనే ఎక్కువ.

అధికారిక ‘చలిగాలులు’ కూడా అప్పుడే వస్తే వస్తాయి. మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు తక్కువ ఉండాలన్నది నిబంధన. తీర ప్రాంత కేంద్రాలకు మాత్రం 15 డిగ్రీల గీత. ఏ అంకెను చూస్తున్నామన్నది ఇక్కడ ముఖ్యం. హైదరాబాద్‌కు బేగంపేట కేంద్రం చెప్పే కనిష్ఠానికీ పటాన్‌చెరు, రాజేంద్రనగర్ చెప్పేదానికీ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు దాటడం మామూలే. నగరం నడుమ కాంక్రీటు రాత్రంతా వేడిని వదులుతూ ఉంటుంది, శివార్ల పొలాలు వదలడానికి ఏమీ మిగుల్చుకోవు. తెలంగాణ ప్రణాళిక శాఖ మండలాల వారీగా పెట్టిన స్వయంచాలక కేంద్రాల అంకెలు వేరు. ఒక పత్రిక ‘నగరంలో 16’ అని, మరో పత్రిక ‘నగరంలో 12’ అని రాస్తే రెండూ నిజమే కావచ్చు.

మన్యంలో ఈ తేడా మరీ కళ్లకు కడుతుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో ఎత్తు వల్లనే మైదానం కంటే ఆరేడు డిగ్రీలు తక్కువ ఉంటుంది. దానికి తోడు తేట రాత్రుల్లో బరువైన చల్లగాలి వాలుల మీదుగా జారి లోయల్లో గుంటనీరులా నిలుస్తుంది. మబ్బు రాత్రి ఆ జారుడు ఉండదు. అల్పపీడనం వార్త విని, చలి బాగుంటుందని వారాంతానికి కారు తీసే సందర్శకులకు అక్కడ దొరికేది కొండను తాకుతూ పోయే మబ్బు, బురద, జారే ఘాట్ రోడ్డు. వాళ్లు ఫొటోల్లో చూసిన తెల్లటి చలి మాత్రం కాదు. వాయుగుండం వెళ్లిన నాలుగో రోజో ఐదో రోజో వెళ్తే అది దొరుకుతుంది.

పొలానికీ ఈ రెండో చలి తెచ్చే పని వేరే ఉంది. డెల్టా రైతు ముసురు వెచ్చదనం నుంచి ధాన్యాన్ని కాపాడుకోవడం ముగిసేసరికి, తెలంగాణలో యాసంగి నారు పోసిన రైతుకు చలి పని మొదలవుతుంది. 12, 13 డిగ్రీల రాత్రులు వరసగా వస్తే నారు ఎదగక ఎర్రబారుతుంది. రాత్రి మడిలో నిలిచి చల్లబడిన నీటిని పొద్దున్నే తీసేసి బోరు నీరు పెట్టడం, సాయంత్రం నారుమడి మీద పాలిథీన్ పట్టా కప్పి ఎండ పొడిచాక తీయడం అప్పటి నుంచి రోజువారీ పనులవుతాయి. బోరు నీరు నేల లోపలి నుంచి వస్తుంది కనుక ఆ ఉదయపు గాలి కంటే పది డిగ్రీలకు పైగా వెచ్చగా ఉంటుంది, మోటారు వేసిన కాసేపు కాలువ మీద ఆవిరి లేస్తూ కనిపిస్తుంది.